రాజుగారి ఆకలి రేపిందెవరు?

రాజుగారు సింహాసనంలో ఇరుక్కుపోయారు.

నిండు కొలువులో, పొరుగు దేశపు రాయబారి కళ్ళెదుట, వీడ్కోలు చెప్పడానికి లేవబోతే సింహాసనం కూడా ఆయనతోబాటే లేచింది. ఇద్దరు భటులు సింహాసనం కాళ్ళు పట్టుకున్నారు. ఇద్దరు రాజుగారి చేతులు పట్టుకున్నారు. అటూ ఇటూ లాగారు. రాయబారి మర్యాదస్తుడు కనుక పైకప్పు మీది చెక్కడాలను మెచ్చుకుంటూ నిలబడ్డాడు. గానుగ నుంచి నూనె తెప్పించి రెండు పక్కలా పోస్తే తప్ప ఏలినవారు బయటికి రాలేదు.

ఇది జరిగింది ఒకానొక రాజ్యంలో. దాని రాజధాని నేరెడుకోట. దాన్ని ఏలేది ఉదయమల్ల భూపతి. మనిషి చెడ్డవాడు కాదు. తనంతటివాడు లేడన్న నమ్మకం మాత్రం బాగా ఉన్నవాడు. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు కూడా 'మేము' అనే అనేవాడు.

"ఈ సింహాసనం మా ముత్తాతగారిది. దీన్ని వెడల్పు చేయించం. మేమే సన్నబడతాం," అని ఆ సాయంత్రమే ప్రకటించాడు.

కొలువంతా జయజయధ్వానాలు చేసింది. మైలాంబ కూడా చేసింది. నిర్ణయం మంచిదేనని ఆమెకు తోచింది.

మైలాంబకు నలభై దాటాయి. కొలువులో విన్నపాలు చదవడం ఆమె ఉద్యోగం. ఒకప్పుడు తండ్రి చేసిన పని. అన్నకు చదువు అబ్బలేదు, ఈమెకేమో కోట గోడ అవతలికి కూడా వినబడే గొంతు ఉంది. అలా దక్కింది. ప్రజలు తెచ్చుకున్న మొరలు చదవడం, మధ్యలో రాజుగారు కునుకు తీస్తే గట్టిగా దగ్గడం, లేచాక మళ్ళీ మొదటినుంచి చదవడం. నోటిదురుసు మనిషని పేరుంది. చదివింది కనుక దాన్ని చమత్కారం అనేవారు.

రాజుగారిని సన్నబరిచే భారం ఆస్థాన వైద్యుడు అయ్యలభట్టు నెత్తినేసుకున్నాడు. ఆయన వెదురుబద్దలా ఉంటాడు. గొంతు మాత్రం మృదంగం.

"ఆకలి మన శత్రువు ప్రభూ," అన్నాడు. "శత్రువు కోటను ఎలా పడతాం? చుట్టూ ముట్టడి వేసి, లోపలికి తిండిగింజ పోకుండా దారులు మూసేస్తాం. నాలుగు వారాల్లో వాడే లొంగిపోతాడు."

"ముట్టడి బాగానే ఉంది ఆచార్యా," అంది మైలాంబ. "కాని కోట లోపల ఉన్నది రాజుగారు కదా."

రాజుగారు నవ్వబోయి, వైద్యుడి మొహం చూసి మానుకున్నారు.

ముట్టడి మొదలైంది. పొద్దున ఒక గిన్నెడు యవల జావ. సాయంత్రం ఒక గిన్నెడు పెసరకట్టు. మధ్యలో వేడినీళ్ళు, కావలసినన్ని. దీనికితోడు రాజుగారి మనసు గట్టిపడడానికి అయ్యలభట్టు ఒక కొత్త పద్ధతి పెట్టాడు. రోజూ కొలువు మొదలవగానే, రాజుగారు తినకూడనివి ఏమిటో అందరి ముందూ పైకి చదివి వినిపించేవాడు. దానికి నిషేధ పాఠం అని పేరు పెట్టుకున్నాడు.

"గారె," అని మొదలుపెట్టేవాడు. "నేతిలో దోరగా వేగి, పైన కరకర, లోపల మెత్తన, పక్కన అల్లం పచ్చడితో... కూడదు. పనసపొట్టు కూర, ఆవ పెట్టి, దించాక ఇంగువ నూనె చిలకరించినది... కూడదు. పూర్ణం బూరె, వేడివేడిగా చిదిమి, నడుమ గుంట చేసి, అందులో కాచిన నెయ్యి పోసి..." అని ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. "కూడదు."

పాఠం అయ్యేసరికి ద్వారం దగ్గరి భటులు గుటకలు మింగుతుండేవారు. మహామంత్రి ఉత్తరీయంతో మూతి తుడుచుకునేవాడు. రాజుగారు మాత్రం శూన్యంలోకి చూస్తూ కూర్చునేవారు.

వారం తిరిగేసరికి రాజుగారి నడుము తగ్గలేదు కాని ఓపిక తగ్గిపోయింది. ఓ రైతు కానుకగా గుమ్మడికాయ తెస్తే, మమ్మల్ని వెక్కిరిస్తున్నావా అని కసిరారు. మంత్రిగారు ఓ తగాదా వినిపిస్తూ "ముద్దాయి" అనే మాట అంటే ముద్ద ఎక్కడని అడిగారు. చివరికి ఒకరోజు, జావ తాగుతుండగా, కోట గోడ అవతల ఎవరింట్లోనో ఆవాలు చిటపటలాడాయి. ఇంగువ వాసన గాలిలో తేలివచ్చి ఏలినవారి ముక్కుకు తగిలింది.

రాజుగారు గిన్నె కింద పెట్టారు. "మేము ఇక్కడ జావ తాగుతుంటే మా ప్రజలు అక్కడ తాలింపులు వేసుకుంటున్నారా?"

మర్నాడు దండోరా వేశారు. ఏలినవారు సన్నబడేదాకా కోటలో, పేటలో ఎవరూ తాలింపు వేయరాదు. ఏలినవారి ఆకలి రేపినవాళ్ళకు దేశబహిష్కారం.

ఊరు ఊరంతా చప్పబడిపోయింది. పప్పు ఉడకబెట్టుకుని ఉప్పేసుకుని తిన్నారు. పులుసులు వేడినీళ్ళలా తాగారు. తెగించిన ఇల్లాళ్ళు తలుపులు బిగించి, కిటికీలకు తడిబట్టలు కట్టి, నాలుగావాలు వేయించుకుని, వచ్చిన తుమ్ములను చెంగులో దాచుకున్నారు.

దాచుకోని మనిషి ఒక్కతే. కోటగుమ్మం దగ్గర పూటకూళ్ళ ఇల్లు నడిపే పేరమ్మ. ఆమె మైలాంబకు వదిన. అన్న పోయాక ఆ పొయ్యి మీదే బతుకుతూ, దారిన పోయే బాటసారులకు వండిపెడుతూ ఉంది.

పేరమ్మను పట్టుకుని చెరసాలలో వేశారన్న కబురు మధ్యాహ్నానికి మైలాంబకు తెలిసింది. వెళ్ళి చూస్తే పేరమ్మ చెరసాలలో గోడకానుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"ఏం చేశావు వదినా?"

"చారుకు తాలింపు వేశాను."

"దండోరా వినలేదా?"

"వినకేం. చెవుడా నాకు? తాలింపు లేని చారు పోసి ఎదుటివాడి దగ్గర డబ్బు పుచ్చుకోవడం నాకు చేతకాదు మైలా. నీ రాజునే వచ్చి పుచ్చుకోమను."

"ఆయన వచ్చే కదా నిన్ను పట్టించింది?"

"రావడమా?" పేరమ్మ ముందుకు జరిగింది. "పల్లకీ ఆగనేలేదు, దూకాడు. అరుగెక్కాడు, గుమ్మం దాటాడు, తిన్నగా పొయ్యి దగ్గరికి వచ్చేశాడు. విస్తరి వేస్తాను కూర్చో నాయనా అంటే విస్తరేమిటమ్మా, అన్నం పెట్టు అన్నాడు. బాటసారులకని వండిన అన్నమంతా, పప్పంతా, చారంతా. వంకాయ కూర ఉందా అని అడిగాడు. ఉందన్నాను. అదీ నా నేరమే కాబోలు. గంజి మిగిలితే అదీ తాగాడు."

"తిన్నాక?"

"చేయి కడుక్కుని, అమ్మా, నీ చేతివంట అమృతం అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. గుమ్మం దాటేసరికి వీధిలో జనం నిలబడి చూస్తున్నారు. అంతే, మొహం మారిపోయింది. మా వ్రతం చెడగొట్టింది, దీన్ని పట్టుకోండి అన్నాడు."

మైలాంబకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. రేపే తీర్పు. రాజుగారు దండోరా వేయించి వారం కాలేదు, మాట వెనక్కి తీసుకునే రకం కాదు. శిక్ష పడితే వదిన ఈ వయసులో, ఎవరూ తెలియని దేశంలో, ఎవరి పొయ్యి దగ్గర కూర్చుంటుంది?

"వదినా, ఆయన కొలువు నుంచి తిన్నగా నీ దగ్గరికే వచ్చాడా?"

"కొలువు నుంచి తిన్నగా. కిరీటం కూడా తీయలేదు."

"రాగానే మొదట ఏం అడిగాడు? అన్నమేనా?"

పేరమ్మ ఆలోచించింది. "కాదు. గారెలున్నాయా అన్నాడు. లేవన్నాను. పనసపొట్టు కూర, ఆవ పెట్టింది ఉందా అన్నాడు. లేదన్నాను. పూర్ణం బూరెలు, నెయ్యి పోసినవి అన్నాడు. పూటకూళ్ళ ఇంట్లో పూర్ణాలేమిటి, పెళ్ళా? అవేం లేవు బాబూ, పప్పూ చారూ ఉన్నాయన్నాను. సరే అన్నాడు."

మైలాంబ ఆ మూడు పేర్లూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తరవాత లేచి చీర దులుపుకుంది.

"రేపు కొలువుకు నీ మూకుడూ గరిటే కూడా తెప్పిస్తాను. ఆవాలు, ఇంగువ కూడా."

"నన్ను వెళ్ళగొట్టబోతుంటే గరిటెందుకే?"

"పనుంది," అంది మైలాంబ.

మర్నాడు కొలువు కిటకిటలాడింది. పేటలో సగం మంది పని మానుకుని వచ్చారు. తాలింపు వస్తుందా రాదా అన్నది వాళ్ళకూ ముఖ్యమే. రాజుగారు జావ కూడా ముట్టకుండా వచ్చి కూర్చున్నారు. నిన్నటి తప్పుకు అది ఆయన వేసుకున్న శిక్ష. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"విచారణ అక్కరలేదు," అన్నారు. "ఈమె తాలింపు వేసింది. మా ఆకలి రేగింది. దీనికి సాక్షి మేమే."

"చిత్తం," అంది మైలాంబ. "సాక్షీ తమరే, నష్టపోయినదీ తమరే, తీర్పు చెప్పేదీ తమరే. ఇంతమందికీ ఒక గిన్నెడు జావ ఎలా సరిపోతుంది ప్రభూ?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారు అటు చూస్తే ఆగిపోయింది.

"ఒక్క సందేహం తీర్చండి. ఏలినవారి ఆకలి రేపినవాళ్ళకు దేశబహిష్కారం అన్నారు. అది పేదవాళ్ళకేనా, పెద్దవాళ్ళకు కూడానా?"

రాజుగారు ఛాతీ విరిచారు. "మా మాట శిలాశాసనం. బిచ్చగాడైనా ఒకటే, మా పట్టపుటేనుగైనా ఒకటే."

"అందరూ విన్నారు కదా," అని మైలాంబ కొలువు వైపు తిరిగి, మళ్ళీ రాజుగారి వైపు తిరిగింది. "ఇక తీర్పు చెప్పవచ్చు. కాని తీర్పు ముద్ద ఏది?"

కొలువులో గుసగుసలు లేచాయి. తీర్పు ముద్ద నేరెడుకోట పాత ఆచారం. రాజుగారి ముత్తాత ఒకసారి పరగడుపున కొలువు తీరి, ఆకలి చిరాకులో ఒక నిర్దోషిని శిక్షించాడట. భోంచేశాక తప్పు తెలిసిందట. అప్పటినుంచి శిక్ష వేసే రోజున రాజు కొలువులోనే, అందరి ఎదుట భోంచేయాలి. ఆ రోజు ఊళ్ళో మామూలు ఇంట్లో ఏం వండుకుంటే అదే తినాలి. విన్నపం చదువుతుంటే తినాలి. ఒక్కో వాక్యం పూర్తయ్యాకే ఒక్కో ముద్ద. ఈ మధ్య నేరాలు తక్కువై అందరూ ఆ ఆచారం మరిచిపోయారు.

అయ్యలభట్టు లేచి నిలబడ్డాడు. "ప్రభూ, ఇది పథ్యభంగం."

రాజుగారు బరువుగా నిట్టూర్చారు. "మాకూ ఇష్టం లేదు ఆచార్యా. కాని పూర్వుల ఆచారం. కాదనడానికి మేమెవరం?" అంటూనే ఉత్తరీయం తీసి పక్కన పెట్టారు.

అరటాకు వేశారు. తోటకూర పులుసు, చిక్కుడుకాయ కూర, ముద్దపప్పు, జొన్న అన్నం, గడ్డపెరుగు వచ్చాయి. దేనికీ తాలింపు లేదు, ఊళ్ళోనే లేదు కనుక. రాజుగారు మొదటి ముద్ద కలిపారు. చేయి నోటిదాకా వెళ్ళింది.

"విన్నపం," అంది మైలాంబ. చేయి ఆగింది.

"నేరెడుకోట నివాసిని, కోటగుమ్మానికి కుడిపక్కన మూడో ఇంట్లో ఉంటూ, తెల్లవారక ముందే లేచి, కల్లాపి చల్లి, పొయ్యి వెలిగించి, దారిన పోయేవాళ్ళకు ఎండ తగలకముందే అన్నం వార్చి, పప్పు దించి, వాళ్ళ ఆకలి తీరాక గాని తన ఆకలి సంగతి తలచుకోని పేరమ్మ ఏలినవారికి చేసుకున్న మనవి."

రాజుగారు ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. రెండో ముద్ద కలిపి చూశారు.

"ఏలినవారి రాజ్యంలో వానలు సకాలంలో కురిసి, చెరువులు నిండి, పొలాలు పండి, ఆ పంట బండ్లకెత్తుకుని సంతకు పోయే రైతులు..."

"మైలాంబా, ముద్ద చల్లారిపోతోంది."

"మధ్యలో ఉన్నాను ప్రభూ. రైతులు మా గుమ్మం ముందే బండ్లు ఆపుకుని, ఎడ్లకు గడ్డి వేసి, కాళ్ళు కడుక్కుని, వరసగా కూర్చుని, ఏలినవారిని తలచుకుని తినేవారు."

అలా సాగింది. పేరమ్మ బతుకులో ఉన్నవీ లేనివీ అన్నీ ఆ విన్నపంలోకి ఎక్కాయి. ఎద్దుల రంగులు వచ్చాయి, ఓ ఎర్ర ఎద్దు కాలికి తగిలిన దెబ్బ వచ్చింది. కట్టెల తడి వచ్చింది. మొదట్లో రాజుగారు చేయి ఊపుతూ తొందరపెట్టారు. తోటకూర పులుసు సగమయ్యేసరికి తొందరపెట్టడం మానేశారు. పప్పన్నం తినేటప్పుడు, "ఆ ఎర్ర ఎద్దు కాలు బాగైందా?" అని అడిగారు. పెరుగన్నం దగ్గరకు వచ్చేసరికి, మైలాంబ ఇంకా చదువుతుండగానే, ఆకు ముందుకు తోసి, "చాలు," అన్నారు.

వడ్డించేవాడి చేతిలో గరిటె గాలిలోనే ఉండిపోయింది. మహామంత్రి రాజుగారి చిన్నప్పటినుంచి ఆయన భోజనం చూస్తున్నాడు. ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

"ఇంకొంచెం పెరుగు, ప్రభూ?" అన్నాడు వడ్డించేవాడు, అలవాటు కొద్దీ.

"కడుపు నిండింది," అన్నారు రాజుగారు. ఆ సంగతి తనకే ఆశ్చర్యంగా ఉన్నట్టు కడుపు మీద చేయి వేసుకున్నారు.

"ఇక నేరం ఎలా జరిగిందో చూద్దాం," అంది మైలాంబ. "వదినా, కానీ."

కుంపటి తెచ్చి నడిమధ్యన పెట్టారు. పేరమ్మ మూకుడు పెట్టి నూనె పోసింది. ఆవాలు వేసింది. జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిరపకాయ, కరివేపాకు. చివర్న చిటికెడు ఇంగువ. అన్నాళ్ళుగా ఆ చప్పుడు వినని జనం ఒక్కసారిగా ముందుకు జరిగారు. మంత్రిగారు తుమ్మారు. భటులు తుమ్మారు. పట్టపురాణి తెర వెనక తుమ్మింది. కొలువంతా తుమ్ముతూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది.

రాజుగారు కళ్ళు మూసుకుని నిండుగా ఊపిరి పీల్చారు.

"ఎలా ఉంది ప్రభూ?"

"అమోఘం."

"వడ్డించమందామా?"

"ఇప్పుడొద్దు. ఇందాకే కదా తిన్నాం."

"ఆకలి రేగలేదా?"

రాజుగారు కళ్ళు తెరిచారు. నిజాయితీగా ఆలోచించారు. "లేదు. నిన్న ఇదే వాసన మమ్మల్ని పల్లకీలోంచి దూకించింది. ఇవాళ వాసనలాగానే ఉంది."

"అయితే తాలింపు దోషం లేదు. మరి నిన్న ఏలినవారి ఆకలి రేపిందెవరు?" మైలాంబ చుట్టూ చూసింది. "అన్నట్టు, హడావుడిలో ఒకటి మరిచిపోయాం. ఆచార్యులవారి నిషేధ పాఠం ఇవాళ ఇంకా కాలేదు."

అయ్యలభట్టు అప్పటిదాకా మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఆ మాటతో మొహం విప్పారింది. ముందుకు వచ్చి, గొంతు సవరించుకుని, కొలువంతా నిశ్శబ్దమయ్యేదాకా ఆగాడు.

"గారె," అన్నాడు. "నేతిలో దోరగా వేగి, పైన కరకర, లోపల మెత్తన..."

రాజుగారి చూపుడువేలు సింహాసనం చేతి మీద కదిలింది.

"పనసపొట్టు కూర, ఆవ ఘాటు ముక్కుకు తగిలేలా..."

రాజుగారు గుటక వేశారు.

"పూర్ణం బూరె. మూకుట్లోంచి తీసి, ఆ వేడి మీదే చిదిమి, గుంట చేసి, అందులో కాచిన నెయ్యి, మీగడ నెయ్యి, పోసి, అది అంచులమ్మట కారుతుండగా..."

"ఎవరక్కడ," అన్నారు రాజుగారు. "వంటశాలకు వెళ్ళి బూరెలు..."

అని ఆగిపోయారు. అయ్యలభట్టు కూడా ఆగిపోయాడు.

"ఇప్పుడే చాలన్నారు ప్రభూ," అంది మైలాంబ.

"అన్నాం."

"కడుపు నిండిందన్నారు."

"ఇప్పటికీ నిండే ఉంది."

"మరి ఈ ఆకలి ఎక్కడినుంచి వచ్చింది?"

రాజుగారి చేయి మెల్లగా కడుపు మీదినుంచి లేచింది. మెడ దాటింది. చెవి దగ్గర ఆగింది.

"అదీ సంగతి," అంది మైలాంబ. "కడుపులో పుట్టిన ఆకలికి పప్పన్నం పెడితే ఊరుకుంటుంది. చెవిలో పుట్టినదానికి గంగాళం పెట్టినా చాలదు. నిన్న మా వదిన ఇంటికి రెండూ కలిసి వచ్చాయి. జావతో మాడ్చిన ఆకలి ఒకటి, పాఠంతో ఊరించిన ఆకలి ఒకటి. ఆమె పెట్టింది చారే. ఏలినవారు అడిగింది బూరెలు. కావలిస్తే ఆమెను అడగండి."

"అడిగాడు," అంది పేరమ్మ మూకుడు దించుతూ. "నెయ్యి పోసినవి అని కూడా అన్నాడు."

అయ్యలభట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను కూడదనే కదా చెబుతున్నాను."

"కూడదన్నది ఒక్క మాట ఆచార్యా. దాని ముందు మీరు పోసిన నెయ్యి శేరు ఉంటుంది."

జనం గొల్లుమన్నారు. మైలాంబ నవ్వలేదు. రాజుగారి ఎదుటికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏలినవారి ఆకలి రేపిందెవరో కొలువంతా చూసింది. బిచ్చగాడైనా, పట్టపుటేనుగైనా ఒకటే అన్నారు. తీర్పు ముద్ద కూడా అయింది. ఇక శిక్ష వేయండి."

రాజుగారు అయ్యలభట్టును చూశారు. తన చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటినుంచి ఆ కుటుంబమే వైద్యం చూస్తోంది. ఆయనను వెళ్ళగొట్టలేరు. మాట వెనక్కి తీసుకుంటే శిలాశాసనం పగిలిపోతుంది. ఏ పక్కకు కదిలినా దారి లేదు. దారి మూసింది ఎవరో చూస్తే ఎదురుగా విన్నపాల మనిషి, పొద్దున ఏమీ ఎరగనట్టు సందేహం అడిగిన మనిషి, అదే మొహంతో నిలబడి ఉంది.

"ఇందాక ఆ ప్రశ్న ఎందుకు అడిగావో ఇప్పుడు తెలిసింది," అన్నారు రాజుగారు.

"చిత్తం."

"నీ విన్నపంలో ఎర్ర ఎద్దు నిజమేనా?"

"ఎద్దు ఉంది ప్రభూ. కాలి దెబ్బ నేను కల్పించాను."

మొదట రాజుగారి భుజాలు కదిలాయి. తరవాత పొట్ట కదిలింది. తరవాత నవ్వు బయటపడింది. కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. దండోరా వేశాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక ఆ దండోరాను అక్కడికక్కడే రద్దు చేశారు. చట్టమే లేనప్పుడు నేరమూ లేదు, కనుక పేరమ్మా ఇంటికి పోవచ్చు, ఆచార్యులవారూ ఉండవచ్చు, నిషేధ పాఠం మాత్రం ఇకపై మనసులో చదువుకోవాలి. ఆ మాట పూర్తవుతుండగానే జనం తలుపుల వైపు పరుగెత్తారు. గడియ తిరక్కుండా నేరెడుకోటలో ప్రతి ఇంట్లో ఆవాలు చిటపటలాడాయి.

రాజుగారు చేతి కంకణం తీసి మైలాంబకు ఇచ్చారు. అంతటితో ఆగలేదు.

"నీకు కొత్త ఉద్యోగం ఇస్తున్నాం," అన్నారు. "రోజూ మా విస్తరి పక్కన కూర్చో. ఎక్కడ 'చాలు' అనాలో అక్కడ 'చాలు' అను. రెండు పూటలా. దానికి రెండు గ్రామాలు."

రెండు గ్రామాలంటే చిన్న మాట కాదు. వదిన పూటకూళ్ళ ఇంటి కప్పు మొన్నటి వానకు కారింది. మైలాంబ ఆలోచించింది. వైద్యుడు పక్కన ఉన్నంతసేపూ ఈ మనిషి బుద్ధిగా జావ తాగాడు. వైద్యుడు కనబడని చోట పల్లకీలోంచి దూకాడు. రేపు వైద్యుడి బదులు తను కూర్చుంటుంది, తను లేని చోట ఈయన దూకుతాడు. పైగా ఈయన ముట్టడి వల్ల చిరాకెత్తి ఊళ్ళోవాళ్ళ మూకుళ్ళలోకి తొంగిచూడబట్టే కదా ఇంత గొడవ జరిగింది. ఇంకొకళ్ళ విస్తట్లోకి తొంగిచూసే పని ఈ జన్మకు చేయనని అక్కడే, ఆ నిలుచున్న చోటే, నిర్ణయించుకుంది.

"గ్రామాలు వద్దు ప్రభూ. తమరు భోంచేసేటప్పుడు విన్నపాలు చదువుతాను. వాక్యానికో ముద్ద, ఇవాళ్టిలాగే. కాని మధ్యన తెర కట్టించండి. తమరి విస్తరి నాకు కనబడకూడదు."

"మరి చాలో చాలదో ఎవరు చెబుతారు?"

"ఇందాక చెప్పినవారే."

తెర కట్టించారు. విన్నపాలు ఏళ్ళతరబడి పేరుకుపోయి ఉన్నాయి కనుక చదవడానికి కొదవలేదు. రాజుగారు జావ మానేసి కూరలూ పప్పూ జొన్న అన్నమూ పెరుగూ తిన్నారు, వేళకు తిన్నారు, నిదానంగా తిన్నారు. కొన్ని రోజులు బాగానే జరిగేది. కొన్ని రోజులు తెర అవతల అరిసెలు విరుగుతున్న చప్పుడు వినబడేది. మైలాంబ ఆ చప్పుడుకు గొంతు పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. రైతుల గట్ల తగాదాలు, చెరువు తూముల తగాదాలు ఒక్కొక్కటే తీరాయి. మరుసటి ఏడు కంసాలి వచ్చి రాజుగారి బంగారు మొలనూలు కుదిస్తే, మిగిలిన బంగారంతో పేరమ్మకు ఇంగువ పెట్టుకునే భరిణె చేయించారు.

అప్పుడప్పుడు తెర అవతలినుంచి పిలుపు వచ్చేది.

"మైలాంబా, ఇంకో గారె వేయించుకోమంటావా?"

"కడుపును అడగండి ప్రభూ. అది అటుపక్కనే ఉంది."

"ఒక్కసారి తెర తీసి చూసి చెప్పరాదూ?"

మైలాంబ తరవాతి విన్నపం చేతిలోకి తీసుకునేది. ఆమె ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ రాజుగారు అడుగుతూనే ఉన్నారు. ఆమె మాత్రం ఒక్కసారి కూడా తెర తీయలేదు.